ఎ వెళ్ళిపోయాక

ఒక పనిని ఎ పన్నెండు రోజుల్లో చేస్తాడు.
బి పదిహేను రోజుల్లో.
ఏ పనో పుస్తకంలో ఉండదు.
గోడ కట్టేరో, గొయ్యి తవ్వేరో,
కూలెంతో, ఎవరిచ్చేరో,
మధ్యాహ్నం క్యారేజీలో ఏం తెచ్చుకున్నారో.

అంబాజీపేటలో ఎరువుల కొట్టు మీద మేడ.
యూరియా వాసనలో ఇరవై ఇద్దరం.
త్రిమూర్తులు మాస్టారు సుద్దముక్క విరిచి
"ముందు క.సా.గు. కట్టండ్రా" అంటారు.
పన్నెండుకీ పదిహేనుకీ అరవై.
పనంటే అరవై ముక్కలనుకోండి,
ఎ రోజుకి అయిదు, బి నాలుగు.
మనుషుల్ని మర్చిపోండి,
ముక్కలు లెక్కపెట్టండి.
లెక్కకి యాభై సెకన్లు.
తప్పితే మూడోవంతు మార్కు కోత.

నాకు ముక్కలు తేలిక.
పగలంతా చేసేది అదే.
షావుకారు దొడ్లో నేలలో పాతిన గునపం,
దాని మొన మీద కాయని పొడిచి
ఓ మెలి, ఇంకో మెలి,
మూడో మెలికి డొక్క అటు, కాయ ఇటు.
దానియేలు బాబాయి ఒక్కడే కూచుంటే
రోజుకి పన్నెండు వందలు,
నేనొక్కణ్ణే అయితే ఎనిమిది.
ఆరు వేల రాశికి
ఆయనకి అయిదు రోజులు, నాకు ఏడున్నర,
కలిస్తే మూడు.
సూత్రం వేసి చూసేను. సరిగ్గా మూడు.
మేం మటుకు రెండో రోజు దీపాలవేళకే
డొక్కల గుట్ట మీద కూచుని టీ తాగేవాళ్ళం.

ఆ మిగిలిన రోజు ఎక్కణ్ణించి వచ్చిందో
మాస్టారినడిగేను.
"మీ బాబాయి కబుర్లు చెబుతాడా?"
"ఆయ్, చెబుతాడండి.
లాంచీ ఎక్కి గోదారి దాటి పెళ్ళికెళ్ళి
వేరేవాళ్ళ పెళ్ళిలో తినేసొచ్చిన కథ
నలభై సార్లు చెప్పేడండి."
మాస్టారు నవ్వలేదు.
"అది సిలబస్‌లో లేదు" అని
బోర్డు తుడిచేసేరు.

ఆ వారం తొట్లు, కుళాయిలు.
ఒకటి నింపుతుంది, ఒకటి ఖాళీ చేస్తుంది.
రెండూ ఒకేసారి తెరిచిన వెధవ ఎవడో
అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు.
"మా ఇంట్లో తెరిచేరు" అంది
లంకలోంచి పడవ మీదొచ్చే గంగాభవాని.
"మొన్న వరదకి. గుమ్మంలోంచి గోదారి,
చెంబుచ్చుకుని మా అమ్మ.
మంచం కోళ్ళ కింద ఇటికలు పెట్టి
ఇటికల మీద ఇటికలు పెట్టి
తెల్లారేదాకా కూచున్నాం."
మాస్టారు బోర్డు మీద మైనస్ గుర్తుని
మళ్ళీ దిద్దేరు, ఇంకాస్త లావుగా.

నిన్న మాడల్ పేపర్లో డెబ్భై మూడో ప్రశ్న.
ఇద్దరూ కలిసి నాలుగు రోజులు పనిచేసిన పిమ్మట
ఎ వెళ్ళిపోయెను.
మిగిలిన పనిని బి ఎన్ని రోజుల్లో పూర్తి చేయును?

వెళ్ళిపోయెను.
ఎందుకో రాయరు.
గునపం మొన కుడి అరచేతిలో దిగి
అమలాపురం ఆస్పత్రిలో తొమ్మిది కుట్లు పడి
ఆనక వేళ్ళు ముడుచుకోకపోతే
వెళ్ళిపోయెను.
ఇప్పుడు కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో
లారీకెక్కే కాయల లెక్క రాస్తున్నాడు,
ఎడం చేత్తో.
ఆయన ఏడు ఒకటిలా ఉంటుంది,
షావుకారు రోజూ విసుక్కుంటాడు.

బి వేగం మారదని పుస్తకానికి నమ్మకం.
ఇవాళ నాలుగు ముక్కలు, రేపూ నాలుగే.
నా పక్కన ఖాళీ గునపం,
తుప్పు రాకుండా నేనే గుడ్డతో తుడుస్తాను.
కాయ తీసి, అటోసారి చూసి
పొడిచేసరికి ఎండ జరిగిపోతోంది.
మొన్న ఆరు వందలు.
నిన్న అయిదు వందల ఎనభై.

అరవైలో ముప్ఫై ఆరు పోతే ఇరవై నాలుగు,
నాలుగుతో భాగిస్తే ఆరు.
మూడో జవాబుకి గుండ్రం నింపేను.
నలభై ఒక్క సెకన్లు.
మాస్టారు భుజం తట్టేరు.
ఈ పరీక్ష గట్టెక్కితే
తరవాత వెళ్ళిపోయే ఎ నేనే.
బి పేరు కాయితంలో ఎక్కడా లేదు.

పొద్దున్న కొత్త రాశి దిగింది, ఏడు వేలు.
లారీ ఇంకా రాలేదు.
బాబాయి కుర్చీని ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ
నా గునపం దాకా వచ్చి
"లాంచీ సంగతి చెప్పేనేంట్రా నీకు?" అన్నాడు.

లేదు బాబాయ్ అన్నాను,
కాయ అందుకుని.